వైకుంఠ రథం కుడి చక్రం

1989 జూన్ పన్నెండో తారీఖున తెనాలిలోని మన సంస్థ గ్యారేజీలో సహాయ మెకానిక్కుగా చేరిన జనాబ్ షేక్ జమాలుద్దీన్ గారు, ఈ నెలాఖరున రేపల్లెలో ప్రధాన మెకానిక్కుగా పదవీ విరమణ చేస్తున్నారు. తెనాలిలో పానా పట్టడం నేర్చి, బాపట్లలో బండ్ల గుట్టు గ్రహించి, రేపల్లెలో అందరికీ పెద్దన్నగా నిలిచిన ఆయనను కొనియాడే భాగ్యం, ఇన్నేళ్లూ ఆయన్ని ఆటపట్టించిన ఈ వెంకటరత్నానికి దక్కింది.

ఆయన టిఫిన్ క్యారియర్‌లో నేను ప్లాస్టిక్ తేలు పెట్టినప్పుడు వారి శ్రీమతి లాల్ బీ గారు కోప్పడలేదు. "మరిదిగారూ, ఈసారి నిజం తేలే పెట్టండి. ఆయన ఒక్కరోజన్నా ఇంటిపట్టున ఉంటారు" అన్నారు.

బాపట్ల గ్యారేజీలో ఒక ఆచారం ఉండేది. అక్కడి సేవా సంఘం వారి వైకుంఠ రథం, అంటే శవాలను చేరవేసే వ్యాను, మరమ్మతుకు వస్తే వెనక చోటు ఖాళీగా ఉంచేవారు కాదు. ఖాళీగా ఉంటే అది ఎవరినో ఒకరిని వెతుక్కుంటుందట. అందుకే ఊక బస్తాను పడుకోబెట్టి తెల్లగుడ్డ కప్పేవారు. నమ్మకం లేకపోయినా, ఆ బస్తాను జమాలుద్దీన్ గారే మోసేవారు.

ఒక మబ్బు మధ్యాహ్నం డ్రైవర్ బర్నబాస్ ఆ వ్యాను తెచ్చాడు. ముందు ఎడమ చక్రాన్ని పట్టి ఉంచే బాల్ జాయింటుకు దుమ్మూ నీరూ చేరకుండా తొడిగే రబ్బరు బూటు చిరిగిపోయింది.

"త్వరగా కానియ్యన్నా. రామాపురంలో శవాన్ని బయట పెట్టుకుని కూర్చున్నారు. చుట్టాలు కూడా ఇందులోనే ఎక్కుతారు" అని బర్నబాస్ ఫోను పట్టుకుని గేటు బయటికి వెళ్లాడు.

పాత బూటు తీసి, జాయింటు తుడిచి, కొత్త గ్రీజు పెట్టి, కొత్త బూటు తొడిగారు జమాలుద్దీన్ గారు. కుడివైపు బూటు కొత్తదానిలా నిగనిగలాడుతోంది. దాన్ని వదిలేశారు. కరెంటు పోయింది. మిగతావాళ్లు టీకి వెళ్లారు. వ్యాను కింద పడుకుని ఆఖరి నట్టు బిగిస్తుండగా, పైన రేకు మీద ఎవరో వేలి కణుపుతో కొట్టినట్టు వినిపించింది. టక్. టక్.

"వెంకటరత్నం! బస్తా తీసేసి నువ్వు పడుకున్నావు కదూ? దిగు."

చప్పుడు ఆగింది. మళ్లీ మొదలై, మెల్లమెల్లగా కుడివైపుకు జరిగి, సరిగ్గా చక్రం మీద ఆగి, అక్కడే కొట్టసాగింది.

"దిగవయ్యా బాబూ! అక్కడ శవంతో ఎదురుచూస్తున్నారు."

"అన్నా, టీ చల్లారిపోతోంది. లోపల ఎవరితోనండీ మాటలు?"

ఆ గొంతు గేటు దగ్గర్నుంచి వచ్చింది. ఈ వెంకటరత్నమే రెండు చేతుల్లో రెండు గ్లాసులతో నిలబడి ఉన్నాడు.

ఇద్దరూ కలిసి వెనక తలుపు తీశారు. బస్తా బస్తాలాగే ఉంది. గుడ్డ మాత్రం పక్కకు తొలగి ఉంది. బస్తా పక్కన, దుమ్ము పట్టిన పరుపు మీద, ఎవరో అప్పుడే లేచి వెళ్లినట్టు గుంట పడి ఉంది.

జమాలుద్దీన్ గారు కుడి చక్రం కిందికి దూరారు. నిగనిగలాడే ఆ బూటును వేలితో నొక్కితే, జారిపోయిన పై అంచు నుంచి ఉప్పు వాసన వేసే తుప్పు నీళ్లు కారాయి. వాడరేవు సముద్రంలో అస్థికలు కలపడానికి వెళ్లినప్పుడల్లా ఆ బూటు తాగిన నీళ్లవి. లోపల గ్రీజు చుక్క లేదు. సన్నటి కడ్డీతో కదిపితే జాయింటు ఊడి చేతికొచ్చింది.

గేటు బయటి నుంచి వచ్చిన బర్నబాస్ ఆ జాయింటు చూశాడు. "అన్నా, ఇందాకే తీసుకెళ్లి ఉంటే? చుట్టాలందరూ..."

"ముందు రామాపురానికి ఫోన్ చెయ్యి తమ్ముడూ. ఇంకో బండి చూసుకోమను."

ఆనాటి నుంచి ఆయన ఒకవైపు బూటు మార్చి రెండోవైపు విప్పి చూడకుండా ఏ బండినీ పంపలేదు. ఆ రథం కిందికి దూరేముందు మాత్రం రేకు మీద రెండుసార్లు తట్టేవారు. జవాబు వస్తోందా అని అడిగితే, "వస్తే ముందు నువ్వెక్కడున్నావో చూస్తాను" అనేవారు.

సేవా సంఘం ఆ వ్యానును పోయిన వారం రేపల్లెకు పంపింది. రెండు బూట్లూ మార్చారు. అదే ఆయన ఆఖరి పని. చివర్లో రేకు మీద తట్టి, చెవి ఆనించారు. లేచి వెళ్లి, మరో ఊక బస్తా తెచ్చి, మొదటిదాని పక్కన, ఆనాడు గుంట పడ్డ చోట పడుకోబెట్టారు.

జమాలుద్దీన్ గారు మోకాళ్ల నొప్పి ఎరుగక, లాల్ బీ గారి చేతివంట తింటూ, మనవల అల్లరి భరిస్తూ నిండు నూరేళ్లు ఆయురారోగ్యాలతో వర్ధిల్లాలని మనసారా కోరుకుంటున్నాము. ఆ రథం వెనక చోటు ఒక్క పూట కూడా ఖాళీగా ఉండకుండా బస్తాలు మోసే పూచీ ఇకపై వెంకటరత్నానిది. ఈ ఒక్క విషయంలో వేళాకోళం లేదన్నా.