ఉత్త మంచు

పంజాగుట్ట ఇరానీ హోటల్లో ఒక ప్రొఫెసరు, ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న అమ్మాయి ఎదురెదురుగా కూర్చున్నారు. ఆయన చాయ్ మీద మీగడ కట్టింది.

“జలుబు వైరస్ ప్రోటీన్ ఆకారం మొదట పట్టుకున్నది మనమే. తీరా పేపర్ పంపేటప్పుడు నీ పేరు తీసేయమంటావేంటి జకియా?”

“మనం పట్టుకోలే సార్. ప్రోటీన్‌ను మంచుల గడ్డకట్టించి మైక్రోస్కోప్‌తోని తీసిన ఫొటోలు మస్తు మసకగ ఉంటయి. ‘గిసుంటి ఆకారం వెతుకు’ అని కంప్యూటర్‌కు ముందే మూడు రెక్కల బొమ్మ ఇచ్చింది మీరు.”

“అందరూ ఇస్తారు! నాకే పాఠం చెప్తావా?”

“జర ఫోన్ చూడుండ్రి. ఈ రెండు బొమ్మలల్ల మన ప్రోటీన్ ఏది?”

“ఇంకా అనుమానమా? ఇదిగో, కుడివైపుది! మూడు రెక్కలూ చిన్నపిల్లాడిక్కూడా కనిపిస్తాయి. దీన్నా నువ్వు కాదనేది?”

“అది ప్రోటీన్ లేని ఉత్త మంచు ఫొటోలకెల్లి వచ్చింది సార్. మీ బొమ్మే ఇచ్చి వెతికించిన. మంచుల సుత అదే దొరికింది.”

ఆయన ఫోన్‌ను బల్ల మీద బోర్లా పెట్టి, పక్క బల్లల వైపు చూశాడు.

“చెప్పుండ్రి సార్.”

“ఈ సంగతి ఇంకెవరికి తెలుసు?”

“మీరు గిదే అడుగుతరని తెలిసే, నా పేరు తీసెయ్యమన్న.”