రొట్టెల బండి వెనక డెస్సీ వేలాడిన రోజు

డెస్సీ వీలన్ కథ మొదలుపెట్టాడంటే వినేవాళ్ళ చేతుల్లో టీ చల్లారిపోవాల్సిందే. ఆ మధ్యాహ్నం మాత్రం చల్లార్చాలన్న పంతంతోనే మొదలుపెట్టాడు. ఎందుకంటే ఇంటి ముందు పిట్టగోడ మీద అతని పక్కన చిన్ననాటి స్నేహితురాలు అట్రాక్టా కూర్చుని ఉంది. డబ్లిన్ అంచున ఉన్న ఆ వీధిలో అట్రాక్టా వాళ్ళమ్మ ఇల్లు అమ్ముడైపోయింది. నాలుగింటికి సిటీలో తాళాలు ఇచ్చేసి, సాయంత్రం రైల్లో గాల్వేలో ఉన్న కూతురి దగ్గరికి వెళ్ళిపోతుంది. ఇక ఈ వీధికి రావడానికి ఆమెకు పనేముంది? ఎదురుగా ట్రామ్ ఆగినప్పుడల్లా ఆమె లేవబోతోంది. ఆమె లేవబోయినప్పుడల్లా డెస్సీ కథను ఇంకో మెట్టు ఎక్కిస్తున్నాడు.

"అప్పుడు మనకు తొమ్మిదేళ్ళు. ఈ ట్రామ్ లేదు, ఈ కాఫీ కొట్లు లేవు. కార్పొరేషన్ వాళ్ళు పొలాల మధ్య ఇళ్ళు కట్టి మనల్ని దింపేసి పోయారు, అంతే. కిటికీ తీస్తే ఆవు మొహం! రొట్టెల బండి వచ్చిందంటే వెనక పట్టుకుని వేలాడ్డమే మన పని. అందరూ వీధి చివరిదాకా వెళ్ళేవాళ్ళు. నేనో? చర్చి దాకా వెళ్ళా."

"చర్చి దాకా మా చెల్లెలూ వెళ్ళింది," అన్నాడు మోసీ. పక్కింటివాడు, నలభై ఏళ్ళు బస్సు నడిపినవాడు. బళ్ళ సంగతి తనను అడగాలంటాడు.

"ఆగరా బాబూ, ఒంటిచేత్తో వెళ్ళా! రెండో చేత్తో రొట్టె తింటున్నా."

ట్రామ్ గంట మోగింది. అట్రాక్టా సంచీ భుజాన వేసుకుంది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా?" డెస్సీ గొంతు పెంచాడు. "డ్రైవర్ హాన్‌రాటీ నిద్రపోయాడు! బండి పల్లం పట్టింది. బొగ్గుల బండి గుర్రాన్ని దాటింది, బస్సును దాటింది, ఒరేయ్ మోసీ, నీ బస్సులాంటిది కాదులే, కదిలే బస్సును! ఆ వేగానికి లోపలి రొట్టెలు మళ్ళీ కాలి నల్లబడ్డాయి. ఏం చెయ్యను? అడుగున మేకులు కొట్టిన బూట్లు రోడ్డుకేసి అదిమా. నిప్పురవ్వలు! ఆ వెలుగు చూసి తెల్లారిందనుకుని కోళ్ళు కూశాయి, మధ్యాహ్నం మూడింటికి! బిషప్‌గారు లోకం అంతమైపోతోందని మోకాళ్ళ మీద పడ్డారు."

"నా చెవిలో పువ్వులు పెట్టకు," అన్నాడు మోసీ.

"విను ముందు. బండి ఆగిందా? ఆగలా. రోడ్డే చీలింది. నా మడమల కింద రెండు చాళ్ళు, తిన్నగా, సమానంగా, ఇక్కణ్ణుంచి సిటీ నడిబొడ్డు దాకా! తర్వాతెప్పుడో ఇంజనీర్లు వచ్చి, టేపు పెట్టి కొలిచి, 'మన పని సగం ఎవరో చేసిపెట్టారే' అని ముక్కున వేలేసుకున్నారు. ఈ ట్రామ్ పట్టాలు ఎక్కడ వేశారనుకున్నావ్? నా చాళ్ళలోనే!"

మోసీకి టీ పొలమారింది. అట్రాక్టా నవ్వలేదు. ఇంకో ట్రామ్ వస్తోంది. ఈసారి లేచి నిలబడింది.

"మొదటి మలుపులోనే బండి వదిలేశావు, డెస్సీ."

మోసీ నవ్వు ఆగిపోయింది.

"వదిలేసేవాడు ముందు అరవాలి. అదే కదా మన రూలు? అరిస్తే పక్కవాళ్ళూ దూకేస్తారు, ఎవరూ ఒంటరిగా పోరు. నువ్వు అరవలేదు. పక్కకు చూస్తే నువ్వు లేవు. కాలువ వంతెన దాకా ఒక్కదాన్నే పోయా."

ట్రామ్ ఆగింది. తలుపులు తెరుచుకున్నాయి.

"భయమేసింది," అన్నాడు డెస్సీ. "చేతులు జారిపోయాయి. అరుద్దామంటే గొంతు పెగల్లేదు. అరవై ఏళ్ళ నుంచి నీకు చెబుదామనే మొదలుపెడుతున్నా. మొదలుపెట్టేసరికి కథ ఇంకో దారి పట్టిపోతోంది."

తలుపులు మూసుకున్నాయి. ట్రామ్ వెళ్ళిపోయింది. అట్రాక్టా రోడ్డు అంచున నిలబడే ఉంది. వానకు ముందు వచ్చే పల్చటి వెలుగు ఆమె నెరిసిన జుట్టు మీద పడేసరికి, డెస్సీకి ఒక్క క్షణం తొమ్మిదేళ్ళ పిల్ల కనిపించింది. ఆమె ఫోన్ తీసింది.

"తాళాలు రేపిస్తానండీ. లేదు లేదు, బాగానే ఉన్నా. ఇక్కడ చిన్న పని పడింది." వెనక్కి వచ్చింది. "జరుగు," అని డెస్సీని మోచేత్తో పొడిచి కూర్చుంది.

"మరి బండినెవరు ఆపారు?" అన్నాడు మోసీ.

"ఇంకెవరు? నేనే!" అంది అట్రాక్టా. "హాన్‌రాటీ గుర్రుపెడుతున్నాడు. నేను బండి కప్పు మీదికి పాకా. ఇంతలో కాలువలోంచి హంసలు లేచాయి, నలభై హంసలు..."

"నలభయ్యా? ఆ కాలువలో నేను నాలుగు కూడా—"

"నోర్ముయ్యరా మోసీ," అన్నాడు డెస్సీ. "ఆమెను చెప్పనీ."