ఘాటీ మీద మూడు రోజుల షేర్ల బజారు

లారీ సాలూరు చేరేసరికి మూడు రోజులు ఆలస్యమైంది. ఆ పొద్దున్న సరుకు దించాక లారీ తొట్టి ఊడుస్తుంటే లక్ష్మణమ్మ చీపురుకి ఎర్ర పెంకు ముక్క ఒకటి తగిలింది. దాన్ని బండి తాళంతో కలిపి కొంగున ముడేసుకుంది.

భర్త పోయాక మిగిలింది ఆ ఒక్క లారీ. ఏడేళ్లుగా దాన్ని ఆమే నడిపిస్తోంది. అబద్ధం చెప్పిన డ్రైవర్లను ఈ ఏడేళ్లలో ఇద్దరిని మాన్పించింది. ఇప్పటి డ్రైవరు గంగులు వరసకు మరిది. వరస చూసి న్యాయం మార్చడం ఆమెకు చేతకాదు.

సాయంత్రం దాలయ్య టీ కొట్టు ముందు బల్ల మీద కూర్చుని అడిగింది.

"రేపు రాయపూర్ లోడున్నాది. తాళం నీకియ్యాలో వొద్దో ఇప్పుడే తేలాలి. మూడు రోజులు ఏటి సేసేవు, సెప్పు."

బల్ల రెండో చివర చంద్రశేఖరం మాస్టారు చేతిసంచి ఒళ్లో పెట్టుకుని ఉన్నారు. సరుకు ఆయనదే. ఒడిశాలో ఒక పట్నపు స్టాక్ ఎక్స్ఛేంజి మూతపడితే, దాని బెంచీలూ నల్లబల్లా ఇత్తడి గంటా వేలంలో తన బడి కోసం కొన్నారు. బడి తెరిచి మూడు రోజులైంది. ఈ పొద్దుటి వరకూ పిల్లలు నేల మీదే కూర్చున్నారు.

గంగులు టీ గ్లాసు అందుకుని ఒక గుక్క తాగాడు.

"ఏటీ నేదు వదినా. ఆ గంట నేనొక్కడినే ఎక్కించేను. నలుగురు కళాసీలు ఎత్తలేక ఒగ్గీసేరు."

"జాకీ ఎట్టేవా బావా?" అన్నాడు మెకానిక్ వెంకీ.

"జాకీయే. అబద్ధమెందుకు?"

ఇంతవరకూ నిజమే అయ్యుంటుందని లక్ష్మణమ్మ అనుకుంది.

"అక్కడ కాపలా ముసిలోడు సెప్పేడు. ముప్పై ఏళ్ల కిందట ఆ హాల్లో గుండ్రంగా కర్రల దడి, దాని లోపల మూడొందల మంది నిలబడి కేకలేసీవోరట. కొంటానని ఒకడు, అమ్ముతానని ఒకడు. గొంతు పెద్దదైనోడిదే రేటు. తరవాత కంప్యూటర్లొచ్చినాయి. ఎవుడింట్లో ఆడు కూకుని మీట నొక్కితే బొంబాయిలో బేరమైపోతాదంటే ఇక్కడికెవుడొస్తాడు? హాలు కాళీ. ఆ దడి మీద ముసిలోడు పదేళ్లు పంచెలారేసుకున్నాడు. ఆకరికి మూసీమని ఢిల్లీ నుంచి కాగితమొచ్చినాది. ఆ తర్వాత ఏటైందో తెలుసా? ముసిలోడు నా సెవిలో సెప్పేడు. బాబూ, బజారు మూసేరు గానీ, ఈ గంట మోగితే బేరాలు మొదలెట్టాలన్న రూలు ఎవులూ కొట్టీనేదు, దారిలో మోగనియ్యకు, అని."

"మోగిందేటి?" అన్నాడు దాలయ్య, పాలగిన్నె మీంచి తల తిప్పకుండా.

"మోగకేటి. ఘాటీలో రెండో మలుపు, ఒక్క కుదుపు, టంగుమన్నాది. ఎనకొస్తన్న జీడిపిక్కల లారీ ఆగిపోనాది. డ్రైవరు దిగి, నాకు రెండొందల షేర్లని కేకేసేడు. ఎదురొచ్చిన సిమెంటు లారీవోడు అమ్ముతానన్నాడు. అడ్డాకుల మోపుల్తో కొండ దిగతన్న ఆడోళ్లు మోపులు దించీసి సేతులెత్తేరు. నేనేటి సేస్తాను? నల్లబల్ల ఎనక తలుపుకి ఆనించి సుద్దముక్క తీసేను. అప్పుడు తెలిసింది వదినా అసలు సంగతి. బండి కొండెక్కితే రేటెక్కతాది, బండి కొండ దిగితే రేటు దిగతాది. కొన్నోళ్లంతా ఎనకనుంచి పైకి తోసేరు, అమ్మినోళ్లంతా ముందునుంచి కిందకి తోసేరు. ఇటు నాలుగొందల మంది, అటు నాలుగొందల మంది. బండి కదిల్తేనా? మూడు రోజులు అక్కడే."

"కదలని బండికి డీజిలెందుకు కాలింది?" అంది లక్ష్మణమ్మ.

"నిలబడ్డానికే కాలింది వదినా. ఇంజను ఆపితే రేటు పడిపోదేటి?"

వెంకీకి టీ పొలమారింది. గంగులు వాడి వీపు తట్టి, చెబుతున్నది ఆపలేదు.

"రెండోనాటికి ఘాటీ కింద పదకొండు కిలోమీటర్ల బళ్లు. బొంబాయిలో బేరాల్లేవు, అందరూ ఇక్కడే. బొంబాయి బజారు పెద్దాయన ఫోను సేసి, గంగులు గారూ, ఒక్క మలుపు దిగండి, మేమూ పిల్లలున్నోళ్లమే, అన్నాడు. కుదరదన్నాను. మూడోనాడు ఢిల్లీ నుంచి హెలికాప్టరొచ్చి, బండికి తాడేసి పైకి లాగినాది. బండి గాల్లోకి లేస్తే రేటు ఆగుతాదేటి? మబ్బులు దాటిపోనాది. సున్నాలెయ్యడానికి నల్లబల్ల మీద సోటు నేదు. దేశమేటైపోతాదో అని నాకే భయమేసి, తొట్టిలోకి దూకి, ఊగతన్న గంట నాలిక ఈ సేత్తో పట్టీసేను. గంటాగింది, బజారాగింది, ఎవులిళ్లకి ఆళ్లు ఎల్లిపోనారు. సూడండి."

అరచెయ్యి చాపాడు. వేళ్ల మొదట్లో నాలుగు బొబ్బలు, రెండు చితికి ఎర్రగా ఉన్నాయి. దాలయ్య వంగి చూసి తల ఊపాడు. బొబ్బలు మాత్రం కల్పించినవి కావని లక్ష్మణమ్మకూ తెలుస్తూనే ఉంది.

మాస్టారు సంచిలోంచి తువ్వాలు చుట్టిన ఇనపకడ్డీ తీసి బల్ల మీద పెట్టారు. ఒక చివర గుండు, రెండో చివర కొక్కెం.

"గంట నాలిక ఇదే గంగులూ. కుదుపులకి గంట పగులుతుందని వేలం రోజే ఊడదీసి నా చేతికిచ్చారు. బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. నువ్వు ఎక్కించుకున్న గంట ఉత్త డొల్ల."

గంగులు చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"మరేటి పట్టుకున్నావు బావా?" అన్నాడు వెంకీ నెమ్మదిగా.

లక్ష్మణమ్మ కొంగు ముడి విప్పి పెంకు ముక్కను కడ్డీ పక్కన పెట్టింది.

"ఇది పట్టుకున్నాడు," అంది.

గంగులు గ్లాసు కింద పెట్టాడు.

"పాతపట్నంలో మా దాలమ్మక్క ఇంటికప్పు వానకి కూలిపోనాది వదినా. పిల్లల్తో పక్కింటోళ్ల పంచలో కూకున్నాది. బెంచీలు దించీసి, మన బండి మీద పెంకులు తోలేను. నేనే ఎక్కి కప్పేను. నిన్నడగనేదు."

"ఇప్పుడు కారతన్నాదా?"

"నేదు."

లక్ష్మణమ్మ తాళాన్ని మళ్లీ కొంగున ముడేసింది.

"ఈ నాలుగు ముక్కలు పొద్దున్నే సెప్పుంటే తాళం పొద్దున్నే ఇచ్చీదాన్ని. ఆకరికైనా నిజం సెప్పేవు, అందుకు మాన్పించను. రాయపూర్ లోడుకి ఇంకోడెల్తాడు. పిల్లలు మూడు రోజులు నేల మీద కూకున్నారు. నువ్వు మూడు రోజులు ఆ బడికెల్లి గంట కొట్టు. టైముకి కొట్టాల. తాళం సంగతి ఆ తరవాత సూద్దాం."

మర్నాడు పొద్దున్న గంట మోగింది. షెడ్డుకి పోతున్న వెంకీ బడి గేటు దగ్గర సైకిలాపాడు.

"రేటెంత బావా?"

గంగులు గంట తాడు స్తంభానికి చుట్టాడు.

"తొమ్మిదైంది," అన్నాడు. "అంతే."