పసివాడి అలక

హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లోని ఆ ఫ్లాటులో, ఆస్పత్రి నుంచి వచ్చినప్పటి నుంచీ పసివాడు రొమ్ము పట్టలేదు. అమ్మమ్మకు కాలు నిలవడం లేదు. అల్లుడు అదే గదిలో ల్యాప్‌టాప్ ముందు ఆఫీసు మీటింగులో ఉన్నాడు; కూతురే సర్దిచెప్పింది.

"ఒంటేలు సరిగ్గా రాలేదని సున్తీ చేసినారు గదమ్మా, ఆ నొప్పికి తాగల్యా. కొంచేపు మగతగా ఉంటాడని డాక్టరమ్మ ముందే చెప్పింది."

"నొప్పి కాదే, అలక! నీ పక్కకే చూడడు."

"పసిగుడ్డుకు అలకేందమ్మా?"

"పెండ్లిలో మీ నాయన అలకపాన్పు మీద ఇట్లే మొకం తిప్పుకున్నాడు. సరే, సున్తీకి ఒప్పుకున్నది ఎవరు?"

"ఈయనే. నన్ను ఒక మాటైనా అడక్కుండా సంతకం పెట్టినాడు."

"అయితే ఈయనే బతిమాలాల. ఏమనుకోవద్దప్పా, బిడ్డ ముందర చెవులు పట్టుకోని గుంజీలు తియ్యి."

అల్లుడు ఆఫీసు మీటింగును అట్లే వదిలి, కెమెరా ఆపడం కూడా మరిచిపోయి, గుంజీలు మొదలుపెట్టాడు. పసివాడు ఒక కన్ను తెరిచి చూశాడు. పెదాలు చప్పరించి, రొమ్ము పట్టాడు.

"చూస్తివా, తాగుతుండాడు! ఇంగ చాలప్పా, కూర్చో."

"వద్దమ్మా, తియ్యనీ."

"ఏమే, వాని అలక తీరిపాయ గదా?"

"వానిది తీరింది. నాది ఇంకా ఉండాది."