మూడు గీతల ట్యాపెట్

పేరు, ఇంటి నంబరు పై వరుసలో ఉన్నాయి. వయసు ఇరవై మూడు. చదువు భౌతికశాస్త్రంలో డిగ్రీ. వృత్తి అన్న చోట మా అమ్మ "ఇంట్లోనే ఉంటుంది" అని చెప్పినట్టుంది, మీ కాగితంలో అలాగే ఉంది. అది కొట్టేయండి. నేను నాలుగేళ్లుగా మా నాన్న షెడ్డులో మోటార్‌సైకిల్ ఇంజిన్లు విప్పి బిగిస్తున్నాను. మెకానిక్ అని రాయండి.

ఇంకొకటి కూడా కొట్టేయాలి. నేను రక్తం చూసి బెదిరిపోయి, ఏం చేస్తున్నానో తెలియక సుత్తి విసిరానని, అది పొరపాటున అన్నయ్యకి తగిలిందని అమ్మా నాన్నా అన్నయ్యా ముగ్గురూ చెప్పారు. మా ఇంట్లో ముగ్గురూ ఒక్క మాట మీద నిలబడటం నేను పుట్టాక ఇదే మొదటిసారి. నా సంగతి ఎప్పుడూ ఇంతే. మాట్లాడకపోతే పొగరంటారు, మాట్లాడితే చదువెక్కువైందంటారు, ఏదైనా చేస్తే పాపం భయపడి చేసిందంటారు. నేను భయపడలేదు. చూసి కొట్టాను. ఎందుకు కొట్టానో వరుసగా రాస్తున్నాను. సొంత చేత్తో రాస్తానని మీ స్టేషన్‌లో నేనే కాగితం అడిగి తీసుకున్నాను.

పోయిన నెల నాలుగో తారీఖు, మంగళవారం, ఉదయం పది ఇరవైకి ఒక నర్సు తన బండి తీసుకొచ్చింది. వాళ్ల నాన్న వాడిన పాత బరువు మోడల్, రెండు సిలిండర్లది. ఇంజిన్ పైభాగంలో టిక్ టిక్ మని చప్పుడు. పొడుగు స్క్రూడ్రైవర్ మొన ఇంజిన్‌కి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని విన్నాను. ట్యాపెట్ పోయింది. ట్యాపెట్ అంటే ఇంజిన్ లోపల తిరిగే క్యామ్ అనే ఉబ్బెత్తు ఇరుసు మీద కూర్చుని, అది తిరిగినప్పుడల్లా వాల్వ్‌ని పైకి నెట్టే బొటనవేలంత ఉక్కు ముక్క. కంపెనీ పుస్తకంలో వాల్వ్ లిఫ్టర్ అని ఉంటుంది. ఆ బండికి నాలుగు. విప్పి చూస్తే రెండింటి ముఖం గుంటలు పడి ఉంది.

ఆ మోడల్‌కి కొత్తవి దొరకడం కష్టం. నేను వారం పడుతుందన్నాను. అన్నయ్య వెనక నుంచి వచ్చి, "దీని మాటలు వినకండక్కా, సాయంత్రం డ్యూటీకి బండి మీదే వెళ్తారు" అన్నాడు. ఆమె నవ్వి, "మీ చెల్లెలికన్నా మీరే నయం" అంది.

మా షెడ్డు గోడ మీద ఒక బోర్డు ఉంది. "పార్టు ప్యాకెట్ మీ కళ్ల ముందే చింపుతాం." నాన్న చేతులు వణక్కముందు స్వయంగా రాసింది. నాలుగు పదికి నర్సు తిరిగొచ్చింది. అన్నయ్య ఆమె కళ్ల ముందే ప్యాకెట్ చింపాడు. కంపెనీ ప్యాకెట్ అతుకు స్కేలు పెట్టి గీసినట్టు ఉంటుంది. దీని అతుకు వంకర తిరిగి, ఒక చోట ప్లాస్టిక్ కాలి నల్లబడి ఉంది. నేను చూశాను. అడగలేదు.

పందొమ్మిది రోజుల తర్వాత, ఆదివారం ఉదయం ఏడు గంటలకి, వంతెన దిగే వాలులో ఆ బండి ఇంజిన్ పట్టేసింది. వెనక చక్రం ఉన్నపళాన బిగుసుకుపోయింది. ఆమె ఎగిరి రోడ్డు మధ్య దిమ్మె మీద పడింది, బండి ఆమె మీద పడింది. కుడి కాలు మోకాలి పైన తీసేశారు. తను పనిచేసే ఆసుపత్రిలోనే తీసేశారు.

ఈ నెల పదో తారీఖు, అంటే మొన్న గురువారం, మధ్యాహ్నం మూడు నలభైకి ఆమె అన్నయ్య మా షెడ్డుకి వచ్చాడు. వడ్రంగి. చెవి వెనక పెన్సిలు అలాగే ఉంది, పనిలోంచి లేచొచ్చినట్టున్నాడు. ఒక్కడే వచ్చాడు. షెడ్డులో నేను, అన్నయ్య, షటర్ పక్కన కుర్చీలో నాన్న ఉన్నాం.

"గొడవకి రాలేదు బాబూ. ఒక్క మాట అడిగి పోతాను" అని రుమాలు విప్పి ట్యాపెట్ చూపించాడు. వేరే మెకానిక్‌తో ఇంజిన్ విప్పించాడట. "ఇది నువ్వు వేసిందే కదా. కొత్తదేనా?"

అన్నయ్య చేతిలో పని ఆపలేదు. "మీ చెల్లెలు తోలే తోలుడికి కొత్త ఇంజినే ఆగదు, ట్యాపెట్ ఒక లెక్కా? ఆడవాళ్లకి అంత బండెందుకండీ?"

"నా చెల్లెలు దాన్ని పదకొండేళ్లు తోలింది. నువ్వు చెయ్యి పెట్టాక పందొమ్మిది రోజులు తోలింది."

వడ్రంగి నా వైపు తిరిగాడు. "అమ్మా, నువ్వు చదువుకున్నదానివంట. నువ్వు చెప్పు."

తీసుకుని చూశాను. ముఖం చెదలు తిన్న చెక్కలా ఉంది. పై అంచు మీద మూడు సన్నని గీతలు ఉన్నాయి. అవి నా గీతలు.

ఇది మీకు అర్థం కావాలి. ఇంజిన్ విప్పినప్పుడు ఏ ట్యాపెట్ ఏ గుంటలోంచి వచ్చిందో మళ్లీ ఆ గుంటలోకే వెళ్లాలి. క్యామూ ట్యాపెట్టూ ఒకదానికొకటి అరిగి అలవాటు పడతాయి. "మొగుడూ పెళ్లాల్లాంటివి, జతలు మార్చావో వీధంతా వినపడేలా అరుస్తాయి" అనేవాడు నాన్న. అందుకని నేను ప్రతిదాని అంచునా వరుస ప్రకారం ఒకటి, రెండు, మూడు, నాలుగు గీతలు గీస్తాను. గీత చివర చిన్న కొక్కెం ఉంటుంది. "డిగ్రీ చేసి ట్యాపెట్లకి హాజరు వేస్తోంది మా చెల్లెలు" అని అన్నయ్య వచ్చినవాళ్లందరికీ చెప్పి నవ్వించేవాడు. మా దగ్గర ఆ మోడల్ ఇంజిన్ అంతకు ముందు ఒక్కటే విప్పాను. ఆరు నెలల కింద, తుక్కు బండిది. నర్సు బండివి నేను గీతలు గీసేలోపే అన్నయ్య తీసేసుకున్నాడు.

ట్యాపెట్ ముఖం మీద గట్టిపరిచిన పలచటి పొర ఉంటుంది. అరిగినదాన్ని సానపట్టి మెరుగు పెడితే అద్దంలా మెరుస్తుంది, కానీ ఆ పొర పోతుంది. లోపలి మెత్తటి ఉక్కుని క్యామ్ గీకి రజను చేస్తుంది. ఆ రజను ఆయిల్‌తో కలిసి బేరింగుల్లో చేరి, చివరికి ఇంజిన్ పట్టేస్తుంది. ఇది అన్నయ్యకి తెలుసు. ముఖం సానపట్టాడు గానీ అంచు చూసుకోలేదు.

"కొత్తది కాదు. ఈ గీతలు నేను గీసినవి" అన్నాను.

"నోర్ముయ్యవే" అని అన్నయ్య లేచాడు. వడ్రంగి నా అరచేతిలోంచి ట్యాపెట్ తీసుకుని పిడికిలి మూశాడు. అన్నయ్య పిడిగుద్దు అతని చెవి మీద పడింది, పెన్సిలు ఎగిరిపోయింది. రెండోది ముక్కు మీద. రక్తం బెంచి మీద విప్పి పెట్టిన కార్బురేటర్‌లో పడింది. అయినా అతను పిడికిలి తెరవలేదు. అన్నయ్య అతని చెయ్యి మెలిపెట్టి, ఆ పిడికిలిని బెంచికి బిగించిన వైసు ఇనప దవడల మధ్యకి తోసి, ఎడమచేత్తో మణికట్టు అదిమిపట్టి, కుడిచేత్తో దవడలు బిగిసేలా వైసు పిడి తిప్పాడు.

"వదులు. వదులు" అంటున్నాడు. ఒక చుట్టు తిప్పాడు.

"తెరవలేను బాబూ. నువ్వు వదిలితే తెరుస్తాను" అన్నాడు వడ్రంగి.

రెండో చుట్టు. "వదలరా!"

"అన్నయ్యా, తెరవలేడు. నువ్వే మూశావు" అన్నాను. రెండుసార్లు అన్నాను. నాన్న "ఒరేయ్, వద్దురా" అని ఒక్కసారి అన్నాడు. తర్వాత లేచి షటర్ సగం దించాడు. వీధిలో వాళ్లు చూడకుండా.

మూడో చుట్టు సగంలో ఎముకలు విరిగాయి. పుల్ల విరిగినట్టు లేదు ఆ చప్పుడు. పచ్చి కర్రని తొక్కినట్టు ఉంది. అతని మోకాళ్లు మడత పడ్డాయి, చెయ్యి మాత్రం పైనే ఉండిపోయింది. అన్నయ్య ఇంకా "వదులు" అంటూనే ఉన్నాడు.

నా పక్కన రబ్బరు సుత్తి ఉంది, చెయ్యి చాస్తే అందుతుంది. ఇనప సుత్తి గోడ దగ్గర, ఐదడుగుల దూరంలో ఉంది. నేను గోడ దాకా నడిచి ఇనప సుత్తి తెచ్చాను. బెదిరిపోయినవాళ్లు చేతికి అందింది తీసుకుంటారు.

మొదటి దెబ్బ అన్నయ్య కుడి ముంజేతి మీద కొట్టాను. పిడి వదల్లేదు. రెండోది మోచేతి మీద. వదిలాడు. వెనక్కి జరిగి నా వైపు చూసి, "నన్నా? వాడి కోసం నన్నా?" అన్నాడు. మూడోది మెడ కింద ఎముక మీద కొట్టాను. మూడో దెబ్బ కొట్టాల్సిన అవసరం లేదు, అప్పటికే వైసు వదిలేశాడు. అయినా కొట్టాను.

వైసు వదులు చేశాను. వేళ్లు వాటంతట అవి తెరుచుకోలేదు, నేనే ఒక్కొక్కటీ తీశాను. ట్యాపెట్ జేబులో వేసుకుని ఆంబులెన్సుకి ఫోన్ చేశాను, మూడు యాభై ఎనిమిదికి. నాన్న దగ్గరికొచ్చి చెయ్యి చాపాడు. "ఆ ముక్క ఇటివ్వమ్మా, తుక్కు డబ్బాలో కలిపేస్తా." ఇవ్వలేదు. ఈ కాగితంతో పాటు మీకు ఇస్తున్నాను. నాలుగు గీతలది ఆ వేరే మెకానిక్ దగ్గర ఇంజిన్‌లోనే ఉంది. నిన్న వెళ్లి చూసొచ్చాను.

వడ్రంగి ఇనప ఆయుధంతో వచ్చాడని మావాళ్లు రాయించారు. అమ్మని అడిగితే, "అతని చేతిలో ఇనుము ఉందా లేదా? అబద్ధం ఏముంది అందులో?" అంది. "నువ్వు బెదిరిపోయావంటే నీకూ కేసుండదు, వాడికీ ఉండదు. వాళ్ల పెద్దలు రాజీకి వస్తున్నారు. ఆడపిల్లవి, కాస్త తగ్గితే నీ సొమ్మేం పోతుంది?" అని నా తల నిమిరింది.

తుక్కు ఇంజిన్‌వి నాలుగు ట్యాపెట్లు. రెండు నర్సు బండిలోకి వెళ్లాయి. ఒక గీతదీ రెండు గీతలదీ షెడ్డంతా వెతికినా లేవు. నిన్న సాయంత్రం ఆసుపత్రిలో అన్నయ్యని అడిగాను, ఎవరి బండిలో వేశావని. చేతికి కట్టుతో గోడ వైపు తిరిగి పడుకున్నాడు. "ముందు వెళ్లి మేం చెప్పినట్టు చెప్పిరా. తర్వాత నీ చెవిలో చెబుతా" అన్నాడు.

ఆ బండి ఇప్పుడు ఏదో రోడ్డు మీద తిరుగుతోంది. తోలేది ఎవరో అన్నయ్య ఒక్కడికే తెలుసు. రాజీ అయితే వాడు ఎవరికీ చెప్పక్కర్లేదు. కేసు ఉంటే మీరు అడుగుతారు, చెప్పి తీరాలి. ఇవాళే అడగండి.

ఇందులో ఉన్నది నేను కళ్లారా చూసింది, చెవులారా విన్నది, నా చేతులతో చేసింది. ఎవరూ చెప్పించి రాయించలేదు, వద్దన్నవాళ్లే ఉన్నారు. రాసింది మళ్లీ చదువుకున్నాను. అన్నయ్య మీద కేసు పెట్టండి. నా మీదా పెట్టండి. రాజీ కాగితం మీద నేను సంతకం చేయను.

(సంతకం)
పన్నెండో తారీఖు, శనివారం, ఉదయం 11.50