కొత్త పెట్టె, పాత నోరు

ఆ చేతులు ఊపేది ఆపు. నాకేం అర్థం కాలేదు. డాక్టరు మాట్లాడద్దన్నాడు గానీ, దానికి బదులు నాట్యం చేయమనలేదు కదా. దవడ కదిలితే కుట్లు తెగుతాయని ఎన్నిసార్లు చెప్పాల నీకు? రాగిజావ తాగేసినావా? అయితే నోరు తెరువు. ఇదిగో, కొత్త దూది. గట్టిగా కరిచి పట్టుకో. ఆఁ, అట్లా.

చూడు, ఇల్లు ఎంత నిమ్మళంగా ఉండాదో! పెళ్ళయినాక మొట్టమొదటిసారి, నేను మొదలుపెట్టిన మాటను నేనే పూర్తి చేస్తా ఉండా. ఈ సుఖం ఒకటి ఉంటుందని ఇన్నేండ్లూ నాకు తెలియనే లేదు. జ్ఞానదంతమంట! పోతే పోనీలే. ఇన్నాళ్ళు నోట్లో ఉండి అది నీకు చేసిన మేలు మాత్రం ఏముండాది?

నవ్వద్దు. నవ్వినా తెగుతాయి.

నలుగురి ముందర ‘ఏమండీ’, ‘మీరు’ అంటా తిరుగుతానే గానీ, ఇప్పుడు ఈడ ఉండేది మనిద్దరమే కాబట్టి సూటిగా చెప్తా, విను. హరినాథ్ ఫోన్ చేసినాడు. పూతలపట్టులో ఎవరింటికో డిష్ బిగిస్తా ఉండాడంట. అది కాగానే బండెక్కి నేరుగా మనింటికే. కొత్త టీవీ రికార్డరు తెస్తాడు, పాతది పట్టుకొని పోతాడు. పాత పెట్టె ఇచ్చేస్తే కొత్తది చవగ్గా వచ్చే ఆఫరు ఈరోజుతో సరి. వాడు వచ్చేలోపల తేల్చాల. కొత్తదా, పాతదా?

ఎందుకా కనుబొమ్మలు ఎగరేసేది? ‘తేల్చేసినాం కదా’ అనా? అవునయ్యా, తేల్చేసినాం. తేల్చింది నేనే. పోయిన ఆదివారం ఇదే సోఫాలో కూర్చుని, టీపాయ్ మీద చరిచి మరీ తేల్చినా. కాదన్నానా? వేసిన లెక్కను ఇంకోసారి సరిచూసుకోమని కాలేజీలో పిల్లల ప్రాణం తీసేది నేనే కదా. సరిచూసుకుంటా ఉండా, అంతే.

అసలు మనకు ఈ రికార్డరు అవసరం ఎందుకొచ్చింది? నీ నోటి వల్ల. కాదను చూద్దాం. ఓ, అనలేవు కదా, పాపం.

బంగారుపాళ్యం మామిడి పల్ప్ ఫ్యాక్టరీలో చేరినప్పటి నుంచి, ఆ మిషన్ల రొదలో అరిచి అరిచి, నీ గొంతు పెద్దదయి అట్లే ఉండిపోయింది. ఇంటికొచ్చినా అదే గొంతు. నేను సీరియల్ పెట్టుకుంటానా, పక్కన కూర్చుని మొదలుపెడతావు. ఆ అత్త పాలల్లో ఏదో మందు కలుపుతా ఉంటుంది, నాకు ఈడ గుండె దడదడా కొట్టుకుంటా ఉంటుంది, నువ్వేమంటావు? ‘ఆ ఇంట్లో పాలు తాగినోళ్ళెవరూ బాగుపడలేదే, కాఫీ అలవాటు చేసుకోవచ్చు కదా!’

ఆ చిన్న కోడలు ఏడిస్తే, ‘ఈ ఏడుపులో చిక్కదనం లేదు, నీళ్ళు కలిపినారు, ఈ లోడు వెనక్కి పంపించండి’ అంటావు. మామిడి రసాన్ని పరీక్ష చేసినట్టు మనుషుల కన్నీళ్ళను పరీక్ష చేసేవాడిని నిన్ను తప్ప ఇంకెవరినీ చూళ్ళేదు నేను. ఆ పెద్దాయన కనిపిస్తే చాలు, ‘తోతాపురి వచ్చినాడు, తోతాపురి వచ్చినాడు’ అని కేకలు. కాయ పెద్దది, రుచి తక్కువంట!

ఇంక అసలు డైలాగు నాకు యాడ వినిపిస్తుంది? అందుకే చూస్తా చూస్తానే రికార్డు కూడా పెట్టుకునేది. మర్నాడు పొద్దున, వంట చేసుకుంటా, నీ మాటల కింద నలిగిపోయిన డైలాగులు ఏరుకొని వినేది. వినేటప్పుడైనా వదిలిపెడతావా? గడ్డం గీసుకుంటా, నురగ మొహంతో తలుపు దగ్గరికొచ్చి నిన్నటి మాటే మళ్ళీ చెప్తావు. నేను నవ్వలేదేమో అని అనుమానం.

ఈ పాత పెట్టె గుణమేమో అందరికీ తెలిసిందే. ఒకటి రికార్డు చేస్తా ఉంటే ఇంకో చానెల్ చూడనీదు. నా సీరియల్ రికార్డు అయినంతసేపూ నీకు రైతుల కార్యక్రమం లేదు, చర్చలు లేవు, క్రికెట్టు లేదు. ఇద్దరూ ఈడనే కూర్చుని ఆ అత్త మొహమే చూడాల. దానికి తోడు, వాన పడితే బొమ్మ నిలిచిపోతుంది, రిమోట్‌కు రబ్బరు బ్యాండు వేస్తే గానీ బ్యాటరీలు నిలవవు.

కొత్తదయితే అట్లా కాదంట. ఒకేసారి మూడు నాలుగు చానెళ్ళు రికార్డు చేస్తుందంట. దాంతో ఇంకో బుల్లి పెట్టె ఇస్తారంట, పడకింటి టీవీకి పెట్టుకునేదానికి. నేను తలుపేసుకొని ఆడ నా సీరియల్, నువ్వు ఈడ నీ చర్చలు. నాకు డైలాగులు వినపడతాయి, నీకు ఆ అత్త మొహం తప్పుతుంది. ఇదే కదా నేను ఆదివారం చెప్పింది? ఎంత బాగా చెప్పినా! బోర్డు మీద బొమ్మ గీసి చెప్పినట్టు చెప్పినా.

నువ్వు వెంటనే సరేనన్నావు.

అదే నాకు నచ్చలేదు. ఆలోచించి చెప్తాలే అని ఒక్క మాట అనుంటే నీ సొమ్మేం పోయేది? నేను ఇంకా నాలుగు కారణాలు సిద్ధం చేసి పెట్టుకునుంటి. అవి చెప్పనియ్యకుండానే, ‘మంచిది, రేపే పెట్టించు’ అంటివి. అంత తొందరేం వచ్చింది? ఇన్నేండ్లు తలుపు ఎప్పుడు తెరుస్తారా అని కాచుకొని ఉంటివా ఏంది?

ఊఁ ఊఁ అనద్దు. ఊఁ అన్నా కదులుతుంది దవడ.

బెంగుళూరులో ఉండే నీ కూతురు ఇంకో తెలివి చెప్పింది. ‘అమ్మా, ఈ కాలంలో ఇంకా రికార్డరేంది? ఫోన్లో చూసుకో, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకో, నాయన గోల వినపడదు’ అనింది. లోహిత చెప్పింది తప్పేం కాదు. తండ్రి నోరు, తల్లి కోపం రెండూ చూసి పెరిగిన పిల్ల. అయినా నాకెందుకో చిర్రెత్తుకొచ్చి, ‘నీ పని నువ్వు చూసుకోవే’ అని ఫోన్ పెట్టేసినా. ఆ పిల్ల చేసిన తప్పేంది? నాకూ తెలీదు.

సరే, నిన్నటి సంగతికొస్తా.

నిన్న నిన్ను ఆస్పత్రి నుంచి ఆటోలో తెచ్చి, ఈ మూల కూర్చోబెట్టి, టీవీ పెట్టుకున్నా. బుగ్గ ఆ సైజుకు వాచింది, నోరు కట్టేసినట్టే. ఆహా, దేవుడున్నాడు అనుకున్నా. కాఫీ కలుపుకొని, కాళ్ళు పైకి పెట్టుకొని, మహారాణి మాదిరి కూర్చున్నా. అందులోనూ ఎంత పెద్ద ఎపిసోడు అది! ఎప్పుడో లోయలో పడి చచ్చిపోయిందనుకున్న పెద్ద కోడలు నేరుగా వచ్చి గడప ముందర నిలబడింది. అత్త చేతిలో హారతి పళ్ళెం జారిపోయింది. అది కింద పడేదానికి ఎంతసేపు పట్టిందో! అందరి మొహాలూ ఒక్కొక్కటే చూపించినారు, మళ్ళా మొదటి నుంచి చూపించినారు.

ప్రతి డైలాగూ వినిపించింది నాకు. గాలి శబ్దం, గాజుల శబ్దం, అన్నీ వినిపించినాయి.

చెప్తే నువ్వు నవ్వుతావు. నవ్వద్దు, ముందే చెప్తా ఉండా. అంత చప్పిడి సీరియల్ నా జన్మలో చూళ్ళేదయ్యా!

ఏముందయ్యా అందులో? ఆ మాటలకా నేను పొద్దున్నే లేచి పోపు మాడబెట్టుకొని చెవులు రిక్కించింది? ‘నువ్వా?’ అంటుంది అత్త. ‘నేనే’ అంటుంది కోడలు. ‘నువ్వేనా?’ అంటాడు తోతాపురి. ఎమ్మెస్సీ ఫిజిక్సు చదివి, కాలేజీలో కాంతి వేగం గురించి పాఠం చెప్పి ఇంటికొచ్చి, ఈ ‘నువ్వా నేనా’ కోసం రికార్డరు కొనిపించిన మహాతల్లిని నేను! అట్లా ఎవరైనా ఉంటే నేనే ముందు నవ్వుతా.

అప్పుడు పక్కకు తిరిగి నీ మొహం చూసినా. బుగ్గ గుమ్మడికాయ, కండ్లు మాత్రం మెరుస్తా ఉండాయి. ఏదో దొరికింది నీకు. నాకు తెలుసు ఆ మెరుపు. చెప్పబోయినావు. నోరు తెరిచినావు, రక్తమొచ్చింది. నేను కేకలేసి దూది కుక్కినా. మళ్ళా డాక్టరుకు ఫోన్లు, ఐసు ముక్కలు, ఆ గోలలో పడి ఆ మాట ఆడనే ఉండిపోయింది.

ఏమనబోయినావయ్యా నిన్న?

ఆగు, ఆగు! ఇప్పుడు చెప్పమనలేదు. ఊరికే అడిగినా.

పొద్దున స్టాఫ్ రూములోకి పోయేసరికి, కెమిస్ట్రీ గ్రేసీ మేడం కుర్చీ దగ్గరికి జరుపుకొని కూర్చునుండాది. ఆమె సీరియల్ చూడదు, తెలుసా? వాళ్ళింట్లో ఆ టైముకు ప్రార్థన. ఆమెకు రోజూ నేనే కథ చెప్పాల. కథ అంటే ఏ కథ? నిన్న ఆమె నోటి నుంచే తెలిసింది నాకు. కాదు కాదు, ఈ పొద్దున. చూడు, నీ వల్ల రోజులు కూడా కలిసిపోతా ఉండాయి. ‘మేడం, పెద్ద కోడలు తిరిగొచ్చింది’ అన్నా నేను. ‘అది సరే మేడం, సార్ ఏమన్నాడు?’ అనింది ఆమె. చుట్టూ ఉండేవాళ్ళు కూడా టిఫిన్ డబ్బాలు మూసి నా వైపు తిరిగినారు. సార్ ఏమన్నాడు, సార్ ఏమన్నాడు!

‘సార్ ఏమీ అనలేదు, పన్ను పీకినారు’ అన్నా. అందరూ అయ్యో పాపం అన్నారు. నీ పంటికి కాదు.

అంటే ఇన్నేండ్లుగా నేను ఆడ చెప్తా ఉండింది సీరియల్ కాదన్నమాట. ఒక్కరన్నా నాతో ముందే చెప్పలేదు చూడు!

ఇంకొకటి ఉండాది. చెప్పకూడదనుకున్నా. సరే, మాట్లాడలేని మనిషికి కాకుండా ఇంకెవరికి చెప్తా? మధ్యాహ్నం కాలేజీ వరండాలో నిలబడి హరినాథ్‌కు ఫోన్ చేసినా. ఫోన్ చేసి, ‘కొత్త పెట్టెలో అన్నీ రికార్డు అవుతాయన్నావే, టీవీ ముందర కూర్చునేవాళ్ళ మాటలు కూడా అవుతాయా?’ అని అడిగినా.

నిజంగానే అడిగినా.

వాడు నా దగ్గరే ఇంటర్ చదివినోడు, ధ్వని పాఠం వాడికి చెప్పింది నేనే. ‘మేడం, మీరేనా మాట్లాడేది?’ అన్నాడు. ‘ఎంత కొత్త పెట్టె అయినా డిష్ నుంచి వచ్చిందే రికార్డు చేస్తుంది మేడం, ఇంట్లో మాటలు రావు’ అన్నాడు. ‘ఆ మాత్రం నాకు తెలీదా, నీకు గుర్తుందో లేదో అని అడిగినా’ అని పెట్టేసినా. మానం ఎట్లాగూ పోయింది, మర్యాదన్నా మిగలాల కదా.

ఎందుకట్లా చూస్తావు? చూడద్దు. టీవీ వైపు చూడు.

అది బండి చప్పుడే కదా? అవును, హరినాథే. చూడు, భుజాన సంచి, అందులో పెట్టె. ఇదే ఆఖరు. నేను ఏమీ చెప్పను, నువ్వే తేల్చు. కొత్తదయితే తల నిలువుగా ఊపు, పాతదయితే అడ్డంగా. రేపటి నుంచి ఆ తలుపు వేసుకొని నేను లోపల, నువ్వు ఈడ. బాగా ఆలోచించుకొని ఊపు.

ఏయ్, ఏమి చేస్తా ఉండావు? తల ఊపమంటే దూది ఎందుకు తీస్తావు? వద్దయ్యా! కుట్లు! అయ్యో, తీసేసినాడే. సరే, మెల్లగా... పెదాలు మాత్రం కదిలించు. దగ్గరికొచ్చి చెప్పు.

ఆఁ?

‘చచ్చిపోయినట్టు రేషన్ కార్డులో పేరు కొట్టేసుంటారే, అది మళ్ళా ఎక్కించుకునేదానికి సచివాలయం చుట్టూ ఆ పెద్ద కోడలు ఎన్ని ఎపిసోడ్లు తిరగాలో’ అనా!

ఓరి నీ... ఇదా! ఇదా నిన్న రాత్రంతా కడుపులో పెట్టుకొని పడుకునింది? ఉండు, ఉండు, నాకు కండ్లల్లో నీళ్ళొస్తా ఉండాయి. హారతి పళ్ళెం కింద పడతా ఉంటే నీకు రేషన్ కార్డు గుర్తొచ్చిందా! గ్రేసీ మేడం రేపు కుర్చీలోంచి పడిపోతుంది.

వస్తా ఉండానప్పా హరినాథ్, వస్తా ఉండా! ఆ చెప్పులు విప్పద్దులే. కొత్తది వద్దు. ఆ, పోతే పోనీ ఆఫరు. పాతదానికే ఒక మంచి రిమోట్ ఉంటే ఇచ్చిపో. ఎందుకంటావా? సార్‌కు ఒంట్లో బాగలేదు, కొత్త పెట్టె అంటే ఆయనకు పడదు. ఏంది నవ్వుతావు? ధ్వని పాఠంలో నీకు ఎన్ని మార్కులు వచ్చినాయో అందరికీ చెప్పేదా?

పోయినాడు. నవ్వుకుంటానే పోయినాడు. ఈపాటికి పలమనేరు దాకా పాకించేసి ఉంటాడు, ఫిజిక్సు మేడం సంగతి. పాకించుకోనీలే.

జరుగు. సీరియల్ పాట అయిపోయింది, అత్త వచ్చేసింది. రికార్డు నొక్కినా. కుట్లు తెగినాయంటే మాత్రం డాక్టరు దగ్గరికి నువ్వే పో, నేను రాను. మెల్లగా, ఈ పక్క చెవిలో... ఊఁ, అను.