పుదీనా కుండీ అయిన విజేతల కప్పు

1984 ఆగస్టు 20వ తేదీన వేడ్స్ క్రాసింగ్ ఉన్నత పాఠశాలలో చరిత్రోపాధ్యాయినిగా బాధ్యతలు స్వీకరించిన శ్రీమతి ఆర్డీలియా పాయిన్‌డెక్స్టర్ గారు, సుదీర్ఘమూ నిష్కళంకమూ అయిన సేవానంతరం ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. నిష్కళంకమంటే, కోటు నిండా ఉండే సుద్దమరకలను మినహాయించి.

బాల్యంలో వారు నల్లజాతి పిల్లలకు ప్రత్యేకించిన బెథెల్ వీధి పాఠశాలలో చదివారు. న్యాయస్థానం ఆజ్ఞతో నల్ల, తెల్ల పిల్లలు ఒకే బడిలో చేరిన సంవత్సరం ఆ పాఠశాలకు తాళం పడింది. కలయిక జరిగింది గాని, ఇల్లు ఖాళీ చేసింది ఒక పక్షమే. అక్కడి ఉపాధ్యాయులు ఉద్యోగాలు కోల్పోయారు; బహుమతులు చెత్తబండి ఎక్కాయి. "సమానత్వం కోసం పోరాడినవాళ్లని మెచ్చుకుని ఊరుకోకండి. గెలిచాక ఏం పోగొట్టుకున్నారో కూడా అడగండి" అన్నది తరగతిలో వారి తొలి పాఠం. బెథెల్ వీధి బడి అంటూ ఒకటి ఉండేదని ఊరు ఒప్పుకోవాలన్నది వారి జీవితకాలపు పట్టుదల. మా బడి ముందు నడవాలో, బహుమతులుంచే అద్దాల బీరువా మీద మాత్రం 'ఊరికి తొలి రాష్ట్రస్థాయి విజయం, 1978' అని ఉండేది.

ఒక ఏడాది, పాత బడి గురించి ఇంట్లో పెద్దలను అడిగి రమ్మంటే, టాబితా అనే తెల్లపిల్ల లేచి, "మా నాయనమ్మ పుదీనా కుండీ మీద బాస్కెట్‌బాల్ బొమ్మ ఉంది టీచర్" అంది. ఆ సాయంత్రమే ఆర్డీలియా గారు ఆ నాయనమ్మ వెర్నా గారి పెరట్లో నిలబడ్డారు. మట్టి తుడిస్తే అక్షరాలు బయటపడ్డాయి: 'బెథెల్ వీధి, రాష్ట్ర విజేతలు, 1966.'

"మా ఆయన చెత్తబండి తోలేవాడమ్మా, పారెయ్యడానికి మనసొప్పక తెచ్చాడు. ఇన్నేళ్ల పుదీనా, ఇప్పుడు దాన్నెక్కడికి పొమ్మంటావ్?"

"కొత్త కుండీ నేను తెస్తాను వెర్నమ్మగారూ. ఈ కప్పుకి ఉన్నది ఒక్కటే బడి, దాన్నీ మూసేశారు."

వెర్నా గారు గ్లాసులో చల్లటి టీ చాలాసేపు కలిపారు. "తెచ్చేదేదో పెద్దది తే" అన్నారు చివరికి.

అప్పటి ప్రధానోపాధ్యాయులు స్ట్రౌడ్ గారు బీరువాలో చోటు లేదన్నారు. మరునాటి నుంచి ఆర్డీలియా గారి పాఠం ఆ బీరువా ఎదుటే, నేలమీద. ఆయన తన గదిలోకి వెళ్లాలంటే పిల్లల కాళ్లు దాటుకుంటూ వెళ్లాలి.

"ఏవిటమ్మా, నడవాలో క్లాసేంటి?"

"చోటెంతుందో చూపిద్దామని సార్. క్లాసంతా పట్టాం. ఒక్క కప్పు పట్టదంటారా?"

ఆ వారాంతానికి గోల్ఫ్ కప్పులు పక్కకు జరిగాయి. 'తొలి' అన్న మాట తొలగిపోయింది.

1966 నాటి బెథెల్ వీధి జట్టు నాయకుడు రాస్కో టిల్లరీ గారు చేతికర్రతో వచ్చి, బీరువాలోకి తొంగి చూశారు. "ఇంతేనా! మోసినప్పుడు నా అంత ఉండేది!" పిల్లలు ఘొల్లున నవ్వారు. ఆయన రుమాలు తీసి, శుభ్రంగా ఉన్న అద్దాన్నే తుడుస్తూ ఉండిపోయారు. నవ్వు దానంతటదే ఆగిపోయింది. ఆ రోజు ఆర్డీలియా గారు పాఠమేమీ చెప్పలేదు.

బెథెల్ వీధి గెలుచుకున్న తక్కిన బహుమతులు ఇంకా ఎవరి అటకల మీదో ఉన్నాయి. వెతకడానికి ఆర్డీలియా గారికిప్పుడు తీరిక చిక్కింది. మోకాళ్లు సహకరించి, చూపు చెదరక, వారు నిండు నూరేళ్లూ ఆరోగ్యంతో ఈ వీధుల్లో తిరుగుతూనే ఉండాలని మనసారా ప్రార్థిస్తున్నాం. అటకలున్న ఇరుగుపొరుగువారు ఈ ప్రార్థనలో పాలుపంచుకుంటూనే, ఆర్డీలియా గారు తలుపు తట్టకముందే ఒకసారి నిచ్చెన వేసుకుని చూసుకోవలసిందిగా మనవి.